బుడమేరు నీళ్ళలో మునిగిన మా మారుతీ 800 ఇంజన్ ఇంట్లోనే కట్టుకున్నా – నా అనుభవం

మా ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం పొద్దున లేచేసరికి బుడమేరు వాగు పొంగి వీధిలో మోకాలి లోతు నీళ్ళు, చూస్తుండగానే నడుము దాటేశాయి. బైకుని ఎలాగో మెట్ల మీదకి ఎక్కించాం గానీ కారు గురించి ఆలోచించేలోపే సైలెన్సర్ మునిగిపోయింది. ముందు రోజు రాత్రి వాన దంచికొడుతుంటే మా నాన్న అన్నారు, "ఒరేయ్, కారు తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టి రారా" అని. పొద్దున చూద్దాంలే నాన్నా అన్నా. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

కారు 1998 మోడల్ మారుతీ 800, తెల్లది, కార్బొరేటర్ ఇంజన్, నాలుగు గేర్లు. నాన్న షోరూంలో కొత్తది కొన్న ఒకే ఒక్క బండి. నా పెళ్ళి, అమ్మ ఆపరేషన్, మా పాప పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికి, అన్నీ దాంట్లోనే. ఎనిమిది రోజులు బానెట్ పైదాకా బుడమేరు నీళ్ళలో నిలబడింది. నీళ్ళు తీసాక బానెట్ ఎత్తితే ఎయిర్ క్లీనర్ నిండా ఒండ్రు, డిప్‌స్టిక్ లాగితే ఆయిల్ కాదు, పాలెక్కువ పోసిన టీ.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, వరద ఊళ్ళలో ఉండేవాళ్ళు తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. నీళ్ళలో మునిగిన బండిని ఎట్టి పరిస్థితిలో సెల్ఫ్ కొట్టొద్దు, తోసి స్టార్ట్ చేయొద్దు. పెట్రోలు గాలి కలిసిన మిశ్రమం నొక్కితే అణుగుతుంది గానీ నీళ్ళు అణగవు, సిలిండర్‌లో నీళ్ళుండగా పిస్టన్ పైకి వచ్చిందంటే దాన్ని నెట్టే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మా వీధిలోనే ఒకాయన బ్యాటరీ మార్చి సెల్ఫ్ కొట్టారు, టక్ మని ఒక్క శబ్దం, ఇంజన్ లోపల రాడ్ వంగి బ్లాకుకి తగిలింది. మేం ముట్టుకోలేదు కాబట్టి మా ఇంజన్‌లో రాడ్లు మూడూ నిటారుగానే మిగిలాయి.

ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ మాత్రమే, కాబట్టి పైసా రాదు. ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకి ఇచ్చిన 25 వేలు ఫ్రిజ్జుకీ మంచాలకీ సరిపోలేదు. కారుని చూపిస్తే ఒక మెకానిక్ నలభై వేలు అవుతుంది, గ్యారంటీ ఇవ్వలేను అన్నాడు. ఇంకొకాయన అసలు బానెట్ ఎత్తకుండానే తుక్కు కింద వేసేయండి సార్ అన్నాడు. తుక్కు కొనేవాడు వచ్చి 18 వేలు ఇస్తానన్నాడు. నాన్న ఏమీ అనలేదు, "నీ ఇష్టంరా" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజే అనుకున్నా, దీన్ని పంపించకూడదు అని.

నేను మెడికల్ ల్యాబ్‌లో టెక్నీషియన్ని, పదహారేళ్ళ నుంచి అదే పని. ఇంజన్ విప్పిన అనుభవం లేదు. మా బావమరిది ఐటీఐ ఫిట్టర్, గన్నవరం వైపు ఉద్యోగం, ఆదివారాలు ఖాళీ. వాడికి రోటరీ ఇంజన్ల పిచ్చి. పిస్టన్లు పైకీ కిందకీ కొట్టుకోకుండా, మూడు మూలల రోటర్ ఒక గుండ్రటి పెట్టెలాంటి దాంట్లో తిరుగుతూ పనిచేసే ఇంజన్ అది, జర్మనీ ఆయన వాంకెల్ ఆలోచన, మాజ్డా వాళ్ళు పట్టుకుని వదలకుండా కార్లలో పెట్టారు, 1991లో లెమాన్స్ 24 గంటల రేసు దాంతోనే గెలిచారు. ఎవరో విదేశంలో ఇంటి గ్యారేజీలో ఆ ఇంజన్ విప్పి కట్టుకునే వీడియోలు వాడు రాత్రిళ్ళు చూస్తుంటాడు. నాకూ చూపించాడు. రోటర్ మూలల్లో ఎపెక్స్ సీళ్ళు అని సన్న పట్టీలు ఉంటాయి, అవి అరిగితే కంప్రెషన్ పోయి ఇంజన్ చచ్చిపోతుంది. మన ఇంజన్లో పిస్టన్ రింగులు చేసే పని అదే. "బావా, ఆయన చేతిలో ఏముందో చూడు, ఒక ఫీలర్ గేజ్, ఒక మైక్రోమీటర్, పరిచిన తెల్ల గుడ్డ. అంతే. నువ్వు ల్యాబ్‌లో రోజూ చేసేదేగా, కొలవడం, కడగడం, రాసుకోవడం" అన్నాడు. ఆ మాటకి నాకు ధైర్యం వచ్చింది, నిజంగా.

నవంబర్ మొదటివారంలో మొదలుపెట్టాం. ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి మూడు సిలిండర్లలో నీళ్ళు సిరంజికి సన్న ట్యూబు తగిలించి లాగేశా. ఇంజన్ అప్పటికే జామ్. డీజిల్, గేర్ ఆయిల్ కలిపి ప్లగ్ హోల్స్‌లో పోసి వదిలేశాం, రోజూ పొద్దున డ్యూటీకి వెళ్ళే ముందు కాస్త పోయడం, సాయంత్రం క్రాంక్ పుల్లీ బోల్టుకి సాకెట్ పెట్టి పొడుగు రాడ్డుతో అటు ఒక పిసరు ఇటు ఒక పిసరు కదిలించి చూడడం. బలం పెట్టొద్దని బావమరిది గట్టిగా చెప్పాడు. తొమ్మిదో రోజు సాయంత్రం వేలెడంత కదిలింది. పదకొండో రోజుకి పూర్తి చుట్టు తిరిగింది. నాన్న కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నారు ఆ వారం అంతా.

ఇంజన్ దించడానికి హాయిస్ట్ ఎక్కడ తేవాలా అని తల పట్టుకుంటే, బోరు మోటార్లు లాగేవాళ్ళ దగ్గర మూడు కాళ్ళ స్టాండు, చైన్ పుల్లీ ఉంటాయి కదా, అది రోజుకి అద్దెకి తెచ్చాం. బానెట్, రేడియేటర్, వైర్లు, డ్రైవ్ షాఫ్టులు అన్నీ విప్పాక గేర్ బాక్సుతో సహా పైకి లేపాం. విప్పిన ప్రతి బోల్టూ ల్యాబ్‌లో శాంపిల్స్ వేసే జిప్ కవర్లలో వేసి, పైన ఎక్కడిదో రాసి, విప్పే ముందు ఫోన్లో ఫోటో. హెడ్ అంటే సిలిండర్లని పైనుంచి మూసే భాగం, దాని బోల్టులు మాత్రం అట్టముక్క మీద హెడ్ బొమ్మ గీసి, అదే వరసలో గుచ్చా. చివర్లో ఈ అట్ట, ఈ కవర్లు లేకపోతే మేం ఎక్కడో ఆగిపోయేవాళ్ళం.

హెడ్ ఎత్తాక అసలు సంగతి తెలిసింది. ఒకటి, రెండు సిలిండర్లు పర్వాలేదు, గోరు పెట్టి గీస్తే తగిలీ తగలనట్టు పైన మెట్టు ఉంది, అది ఇరవై ఆరేళ్ళ అరుగుదల. మూడోదాంట్లో మాత్రం నీళ్ళు నిలిచిన చోట ఉంగరంలా తుప్పు, తుప్పు తుడిచాక కింద గుంటలు. ఆ సిలిండర్ వాల్వు తెరిచి ఉండిపోయిందన్నమాట. పిస్టన్ల కదలికని తిరుగుడుగా మార్చే క్రాంక్ షాఫ్ట్ మీద కూడా ఒక మెయిన్ జర్నల్ దగ్గర, అంటే బేరింగ్ కూర్చునే చోట, తుప్పు మచ్చ.

బ్లాకు, క్రాంకు, హెడ్ ఆటోలో వేసుకుని జవహర్ ఆటోనగర్ వెళ్ళాం. బెజవాడలో పుట్టి ఆటోనగర్‌ని లారీ బాడీలు కట్టే చోటుగానే చూశా ఇన్నాళ్ళూ. లోపలి సందుల్లో ఒక్కో షెడ్డులో ఒక్కో పని, ఒకచోట సిలిండర్లు తొలిచే బోరింగ్, పక్కనే క్రాంక్ గ్రైండింగ్, ఎదురుగా హెడ్ అడుగు చదును చేసే ఫేసింగ్, వాల్వ్ సీట్ కటింగ్. ఇంజన్ ఎవరు కట్టుకున్నా ఈ పనులేవీ ఇంట్లో అవ్వవు, ఇవి అక్కడే చేయించాలి. బోరింగ్ మేస్త్రి అరవై దాటిన మనిషి. డయల్ గేజ్ సిలిండర్లో దింపి మూడు ఎత్తుల్లో, రెండు దిక్కుల్లో కొలిచి, "టెన్ థౌ తీస్తే ఈ గుంట పోదు బాబూ, ట్వంటీ వెయ్యాలి. ఒక్కదానికి కాదు, మూడిటికీ" అన్నారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, ట్వంటీ అంటే దాదాపు 0.50 ఎంఎం ఓవర్‌సైజ్, సిలిండర్‌ని అంత వెడల్పు చేయడం. ఈ ఇంజన్ బోర్ (సిలిండర్ వెడల్పు) 68.5 ఎంఎం, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 72, మూడు సిలిండర్లకి 796 సీసీ. 69కి బోర్ చేస్తే లెక్క ప్రకారం 807 దాటుతుంది. ఆ పదకొండు సీసీల వల్ల ఒరిగేదేమీ లేదు గానీ మా బావమరిది మొహం వెలిగిపోయింది.

మేస్త్రి గారు ఒక మాట మీద ఖచ్చితంగా ఉన్నారు. పిస్టన్లు తెచ్చి ఇస్తేనే బోర్ చేస్తానన్నారు, సైజు పుస్తకంలో చూసి కాదు, ప్రతి పిస్టన్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి దాని మీద ఒకటిన్నర థౌ ఖాళీ వచ్చేలా ఏ సిలిండర్ ఆ పిస్టన్‌కి చేస్తారంట. ఒకటిన్నర థౌ అంటే దాదాపు 0.04 ఎంఎం, తల వెంట్రుక కంటే సన్నం. అంతకంటే బిగువైతే వేడెక్కినప్పుడు పిస్టన్ పట్టేస్తుంది, వదులైతే చల్లగా ఉన్నప్పుడు గలగలలాడుతుంది. అలా చెప్పే మనిషి దొరికితే వదలకండి. సుమారుగా బోర్ చేసి పంపేవాళ్ళూ ఉన్నారు.

క్రాంక్ 0.25 ఎంఎం సన్నబడేలా (అండర్‌సైజ్) గ్రైండ్ చేయించి, దానికి తగ్గ బేరింగులు కొన్నాం. హెడ్ ఫేసింగ్, సీట్ కటింగ్ అయ్యాయి. కనెక్టింగ్ రాడ్లకి పిస్టన్ పిన్నులు కూడా అక్కడే వేయించాం.

అన్నీ ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. అది కడగడం.

బోరింగ్ అయ్యాక రాయితో రుద్దుతారు, దాన్ని హోనింగ్ అంటారు, అలా రుద్దిన సిలిండర్ గోడ మీద అడ్డదిడ్డంగా డైమండ్ గీతలు ఉంటాయి. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది, రింగులు ఆ గీతల మీదే కూర్చుంటాయి. కానీ అదే గీతల్లో హోనింగ్ రాయి పొడి కూడా ఇరుక్కుని ఉంటుంది, కంటికి కనపడదు. అది ఉండగా ఇంజన్ కట్టేస్తే కొత్త రింగుల్ని గరుకు కాగితంలా అరగదీసేస్తుంది. డీజిల్ పోసి కడిగేస్తే సరిపోతుంది బావా అని వాడన్నాడు. డీజిల్‌తో కడిగి నాన్న పాత పంచె చింపిన తెల్ల గుడ్డతో తుడిచా, గుడ్డ బాగానే ఉంది అనిపించింది. మళ్ళీ వేడి నీళ్ళు, సర్ఫ్ వేసి బ్రష్‌తో రుద్ది తుడిస్తే గుడ్డ మీద బూడిద రంగు. నూనె కరగడం వేరు, పొడి లేవడం వేరు, పొడిని లేపేది సబ్బు నురగే. అలా పదకొండు సార్లు కడిగా, ప్రతిసారీ కొత్త గుడ్డముక్క, పక్కన వరసగా ఆరబెట్టా, ముదురు బూడిద నుంచి లేత బూడిద, చివరికి పదకొండోది తెల్లగా వచ్చింది. ఆయిల్ వెళ్ళే సన్న దారుల్లోకి టెస్ట్ ట్యూబులు కడిగే బ్రష్ సరిగ్గా సరిపోయింది, ఒకదాంట్లోంచి వేలి గోరంత బుడమేరు మట్టి ముద్ద బయటికొచ్చింది. అది అక్కడే ఉండిపోయి ఉంటే మొదటి పది నిమిషాల్లోనే ఏదో ఒక బేరింగ్ ఆయిల్ అందక కాలిపోయేది. ఆ మట్టిముద్దని చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూశా.

ఇంకో జాగ్రత్త. కడిగిన పోత ఇనుము ఆరుతుండగానే, మన బెజవాడ గాలి తేమకి, నిమిషాల్లో నారింజ రంగు పొర వేస్తుంది. అందుకే తుడిచిన వెంటనే చేత్తో ఇంజన్ ఆయిల్ పూసి పాలిథిన్ కప్పేయాలి.

వాల్వులు ఆరూ నేనే ల్యాప్ చేశా, అంటే సీటు మీద సందు లేకుండా కూర్చునేలా రుద్దడం. వాల్వు తలకి రబ్బరు కప్పు ఉన్న కర్ర అంటించి, సీటు మీద పేస్టు రాసి, కర్రని రెండు అరచేతుల మధ్య మజ్జిగ చిలికే కవ్వంలా తిప్పాలి. మా అమ్మ వచ్చి చూసి, "అలా కాదురా, మణికట్టు వదులుగా పెట్టు" అని రెండు వాల్వులు తనే తిప్పింది, మొదట గరగరమన్న శబ్దం మెల్లగా నున్నగా మారిపోతుంది, అప్పుడు తీసి తుడిచి చూస్తే వాల్వు చుట్టూ తెగకుండా మసక బూడిద రంగు గీత. అమ్మ తిప్పినవాటి గీతే బాగుంది. తర్వాత హెడ్ తిరగేసి వాల్వులు కూర్చునే గుంటల్లో పెట్రోలు పోసి అరగంట చూశాం, ఒక్క చుక్క కిందకి దిగలేదు.

రింగుల దగ్గర పెద్ద గండం తప్పింది. ప్రతి రింగునీ దాని సిలిండర్లో వేసి, పిస్టన్ తలకిందులుగా పెట్టి కాస్త కిందకి నెట్టి సమంగా చేసి, రెండు కొసల మధ్య ఖాళీ ఫీలర్ గేజ్‌తో (సందులో దూర్చి కొలిచే సన్న రేకులు) చూడాలి. 0.2 అటూ ఇటూగా వస్తున్నాయి అన్నీ, మూడో పిస్టన్ సెట్ దగ్గరికొచ్చేసరికి దాదాపు 1 ఎంఎం! ఒకటికి నాలుగుసార్లు చూశా. లెక్క వేస్తే తెలిసింది, రింగు 0.25 సైజు చిన్నదైతే చుట్టుకొలతలో 0.78 తేడా వస్తుంది, దానికి ఉండాల్సిన 0.2 కలిపితే సరిగ్గా ఇదే. డబ్బా మీద 0.50 అనే ఉంది, లోపల ఒక సెట్ 0.25ది వేశారు. ఎలా కలిసిందో తెలీదు, షాపాయన మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు. కొలవకుండా వేసేసి ఉంటే బండి స్టార్ట్ అయ్యేది, తిరిగేది, కానీ నెలలో ఆయిల్ తాగడం మొదలుపెట్టేది, అప్పుడు అందరం కలిసి బోరింగ్ మేస్త్రిని తిట్టుకునేవాళ్ళం.

బిగింపుకి టార్క్ రెంచ్ కొన్నా, 2800. ఖర్చు అనుకోవద్దు. బోల్టుని మన చెయ్యి ఎంత బిగించిందో మన చెయ్యి చెప్పలేదు. ఈ ఇంజన్‌కి టార్క్ కేజీ-మీటర్లలో చెబితే, క్రాంకుని పట్టుకునే మెయిన్ క్యాపులు నాలుగున్నర, రాడ్లు మూడు, హెడ్ బోల్టులు ఐదున్నర నుంచి ఆరు, హెడ్ మాత్రం మధ్యలోంచి మొదలెట్టి బయటికి, మూడు విడతల్లో. మెయిన్ క్యాపుల మీద నంబరూ బాణం ఉంటాయి, బాణం పుల్లీ వైపు ఉండాలి. పిస్టన్ల తల మీద బాణం కూడా అంతే. మెయిన్లు నాలుగూ బిగించాక క్రాంకుని రెండు వేళ్ళతో తిప్పి చూశా, బరువుగా, మెత్తగా, ఎక్కడా ఆగకుండా తిరిగింది. ఆ తిరగడం చేతికి తెలిశాక రాత్రి ఒంటిగంటైనా లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు.

రెండో పిస్టన్ దింపేటప్పుడు సుత్తి పిడితో మెల్లగా తడుతుంటే సగంలో ఆగింది. ఇంకొక్క దెబ్బ వేద్దాం అనుకున్నా, ఎందుకో ఆగి పైకి లాగి చూస్తే ఆయిల్ రింగు కొస, రింగుల్ని నొక్కి పట్టే రింగ్ కంప్రెసర్ కింద నుంచి బయటికి వచ్చేసి ఉంది. ఆ దెబ్బ పడితే రింగు విరిగేది. పిస్టన్ దింపేటప్పుడు అడ్డం తగిలితే అక్కడితో ఆపేయాలి, అంతే.

ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్ రీవైండింగ్‌కి ఇచ్చాం, కార్బొరేటర్ విప్పి కడిగి కిట్ వేశాం, వైరింగ్ సగం మార్చాం. వాటర్ పంపు, టైమింగ్ బెల్టు, హోసులు, సీళ్ళు అన్నీ కొత్తవే.

ఫిబ్రవరి 9 ఆదివారం స్టార్ట్ చేశాం. ముందు ప్లగ్గులు తీసేసి ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ తిప్పాం, ఆయిల్ పంపులో ముందే ఆయిల్ నింపి పెట్టాం కాబట్టి తొందరగానే ఆరింది. ప్లగ్గులు బిగించి, నాన్నని సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పమన్నా. మూడోసారికి పట్టుకుంది. పూసిన ఆయిల్ కాలి వీధంతా తెల్ల పొగ, ఐదారు నిమిషాలకి తేరుకుంది. నాన్న యాక్సిలరేటర్ మీద కాలు పెట్టి అలాగే కూర్చున్నారు, ఒక్క మాట లేదు, చెయ్యి మాత్రం స్టీరింగ్ మీద ఆనించి ఆ వణుకు చూసుకుంటున్నారు.

కానీ రోడ్డెక్కిస్తే లాగట్లేదు. ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్ గేర్. కార్బొరేటర్ అనుకుని రెండు రాత్రులు దాంతో కుస్తీ పట్టాం. చివరికి టైమింగ్ బెల్టు కవర్ తీస్తే, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ పుల్లీ గుర్తు ఒక పన్ను పక్కకి ఉంది. పెట్టేటప్పుడు గుర్తులు సరిగ్గానే కలిపాం, టెన్షనర్ బిగించాక క్రాంకుని చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్ళీ చూడాలి, అది చూడలేదు. సరిచేశాక అదే ఫ్లైఓవర్ మూడో గేర్లో ఎక్కేసింది.

మొదటి 500 కిలోమీటర్లు నున్న, ఆగిరిపల్లి మీదుగా నూజివీడు రోడ్డులో తిప్పాం, యాభై దాటకుండా, కానీ ఒకే స్పీడులో కాకుండా, కాసేపు లాగిస్తూ కాసేపు వదులుతూ. ఇంటి ముందు ఊరికే ఐడిల్లో ఉంచితే రింగులు కూర్చోవు. దారిలో మామిడి తోటలు అప్పుడే పూత మీద ఉన్నాయి, అమ్మ వెనక సీట్లో. 500 దగ్గర ఆయిల్ దించి తెల్ల గుడ్డలో వడగట్టి అయస్కాంతం తిప్పా, సన్నటి బూడిద నలుసు కాస్త ఉంది, మెరిసే ముక్కలు లేవు. వెయ్యి దాటాక కంప్రెషన్ కొలిస్తే 165, 165, 160 పీఎస్‌ఐ. మూడోది అయిదు తక్కువ, నోట్‌బుక్‌లో రాసి పెట్టా, ప్రతి ఐదు వేలకీ కొలుస్తా.

ఆటోనగర్ పనులు, సామాన్లు, కొన్న పనిముట్లు అన్నీ కలిపి 27 వేల చిల్లర అయ్యింది. సీట్లలో బురద వాసన ఇంకా పూర్తిగా పోలేదు, ఎండాకాలంలో విప్పి ఎండబెట్టాలి. ఫ్యూయల్ గేజ్ కూడా ఒక్కోసారి పడిపోతుంది.

రింగ్ కంప్రెసర్, ఫీలర్ గేజ్, టార్క్ రెంచ్, వాల్వు ల్యాపింగ్ కర్ర నా దగ్గరే ఉన్నాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇంకా చాలా ఇళ్ళ ముందు నీళ్ళలో మునిగిన బళ్ళు అలాగే నిలబడి ఉన్నాయి, రోజూ చూస్తున్నా. ఎవరైనా విప్పుకుందాం అనుకుంటే అడగండి, ఇస్తా. ఆదివారమైతే మా బావమరిది కూడా వస్తాడు.